పక్షవాత రోగికి మందు, మర్యాద, పని

వైద్యమనగానే మనకు మొదట స్ఫురించేది ఔషధమే. ఏ చూర్ణం, ఏ కషాయం, ఏ తైలం అన్నదే ఇంటిల్లిపాది ప్రశ్న. పక్షవాతంతో మంచాన పడిన పెద్దవారిని చూపించడానికి నా వద్దకు వచ్చే బంధువులలో “ఏ తైలం మర్దన చేయమంటారు?” అని అడగనివారు లేరు. “ఈయనతో ఎలా మసలుకోమంటారు? ఈయనచేత ఏ పని చేయించమంటారు?” అని అడిగినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. ఈ రెండు ప్రశ్నలూ చికిత్సలో భాగాలేనని నాకు బోధపడడానికి కూడా చాలాకాలమే పట్టింది. ఒక రోగి విషయంలో నేను చేసిన పొరపాటు నాకా పాఠం నేర్పింది. దానిని దాచకుండా చెప్పి, గృహస్థులకు ఉపయోగపడే కొన్ని విషయాలను మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక మాస్టారి సంతకం

అది 2003వ సంవత్సరం. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులొకరికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రిలో మూడు వారాలుండి ఇంటికి వచ్చిన తరువాత కుటుంబసభ్యులు నన్ను పిలిపించారు. ఆసుపత్రిలో ఇచ్చిన మందులు మానవద్దని చెప్పి, వాటితోపాటు క్షీరబలా తైలంతో అభ్యంగనం, మృదు స్వేదం ఏర్పాటు చేశాను. వెళ్ళబోతూ “మాస్టారిని ఏ పనీ ముట్టుకోనివ్వకండి, పూర్తి విశ్రాంతి కావాలి” అని హెచ్చరించి మరీ వచ్చాను.

ఆ ఇంటివారు బంగారంలాంటి మనుషులు. నా మాటను అక్షరాలా పాటించారు. కోడలు అన్నం కలిపి తినిపించేది. కుమారుడు స్నానం చేయించేవాడు. భార్య తల దువ్వి, బొట్టు పెట్టి, పడక కుర్చీలో కూర్చోబెట్టేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన ఎదుటే ఆవిడను “నిన్న విరేచనమైందా? రాత్రి నిద్రపోయారా?” అని అడిగేవాణ్ణి. ఆవిడ చెప్పేది. ఆయన మా ఇద్దరి వంకా చూస్తూ ఉండేవారు. ఆయననే అడగవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు.

నాలుగు నెలలు గడిచాయి. కాలు కొంత బలపడింది. కుడి చేతి వేళ్ళలో కొద్దిపాటి కదలిక వచ్చింది. కాని మాస్టారు మాట్లాడడం తగ్గించారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. రెండు ముద్దలకే చాలనేవారు. వాతం ఇంకా శమించలేదనుకుని కషాయం మార్చాలని నేను ఆలోచిస్తూ ఉండగా ఆవిడ అసలు సంగతి చెప్పారు. కొన్నాళ్ళ కిందట పింఛను కాగితం నిమిత్తం ఆయనను బ్యాంకుకు తీసుకువెళ్ళారట. సంతకం చేయలేరు గనుక, కుమారుడు ఆయన ఎడమ బొటనవేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించాడట. “ముప్పయ్యేళ్ళు ఊళ్ళో పిల్లలందరిచేత అక్షరాలు దిద్దించిన మనిషండీ. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అప్పటినుంచీ ఇంతే” అన్నారావిడ.

తెలిసినవారి సలహా మీద కుమారుడు ఆయనను నగరంలో ఒక ఆక్యుపేషనల్ థెరపీ నిపుణురాలి వద్దకు తీసుకువెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆ అమ్మాయికి నా కూతురి వయస్సు ఉంటుంది. ఆమె ఒక పొట్టి పీట లాక్కుని, మాస్టారి కళ్ళకు తన కళ్ళు సమానంగా ఉండేటట్లు ఎదురుగా కూర్చుంది. మమ్మల్నెవరినీ అడగకుండా ఆయననే అడిగింది: “మాస్టారూ, ఎవరి సాయమూ లేకుండా మీ అంతట మీరు చేసుకోవాలని ఉన్న పని ఏది?”

కుమారుడు జవాబివ్వబోయాడు. ఆమె చేయెత్తి వారించింది. చాలాసేపటికి మాస్టారి నోటినుంచి ఒక్క మాట వచ్చింది: “సంతకం.”

నాలుగు నెలలపాటు రెండు రోజులకొకసారి ఆయన నాడి పట్టి చూసిన నాకు ఆ మాట వినబడలేదు. నేను అడగలేదు కనుక వినబడలేదు.

నాలుగు పాదాలలో నేను మరచినవి

ఇది ఆయుర్వేదంలో లేని విషయమైతే నా అజ్ఞానానికి కొంత సమర్థన ఉండేది. కాని చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలని స్పష్టంగా ఉంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవే ఆ నాలుగు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు చెప్పారు. పరిచారకునికి ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగిపై అనురాగం, శుచి అనే నాలుగు గుణాలుండాలి. రోగికి జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకోవడం, ధైర్యం, తన బాధను తాను తెలియజెప్పగలగడం ఉండాలి. రోగి కూడా చికిత్సకు ఒక పాదమే. మంచం మీది మూటగా అతనిని లెక్కించడానికి శాస్త్రం ఒప్పుకోదు. తన స్థితిని తానే చెప్పుకొనే అవకాశం అతనికివ్వకపోతే నాలుగో పాదాన్ని మనమే విరిచినట్లవుతుంది.

అదే గ్రంథంలో ఆతురాలయం ఎలా ఉండాలో వర్ణించిన చోట, వంట చేసేవారు, స్నానం చేయించేవారు, ఒళ్ళు పట్టేవారు, రోగిని లేవదీసి కూర్చోబెట్టేవారు ఉండాలని చెప్పి, అంతటితో ఆపలేదు. పాటలు పాడగలవారిని, వాద్యం వాయించగలవారిని, కథలు, పురాణాలు చెప్పగలవారిని కూడా అక్కడ ఉంచమన్నారు. శరీరం కోలుకోవడానికి మనస్సు జీవితం వైపు మళ్ళాలని ఆ ఋషులు ఎరుగుదురు. మనస్సును అదుపులోకి తెచ్చి, బలపరిచే చికిత్సకు సత్త్వావజయమని పేరు పెట్టి, మూడు విధాలైన చికిత్సలలో దానినొకటిగా చెప్పారు.

1970ల చివర నేను కోనసీమలో గురుకులవాసం చేస్తున్నప్పుడు ఒక విషయం చూసేవాణ్ణి. జబ్బు తేరుకుంటున్న రోగులు గురువుగారి వసారాలో కూర్చుని శొంఠి తొక్క గీకడం, కరక్కాయల గింజలు తీయడం, తిప్పతీగ ముక్కలు కోయడం వంటి పనులు చేస్తూ ఉండేవారు. గురువుగారికి కూలి ఖర్చు కలిసివస్తోందని శిష్యులం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయన ఏ రోగికి ఏ పని, ఎంతసేపు ఇస్తున్నారో గమనించే తెలివి అప్పుడు మాకు లేకపోయింది. వేళ్ళు బిగిసినవానికి గీకే పని, నిలబడలేనివానికి కూర్చుని చేసే పని, దిగులుతో ఉన్నవానికి నలుగురి మధ్య చేసే పని ఇచ్చేవారు. ముప్పయ్యేళ్ళ తరువాత గాని నాకా కిటుకు అర్థం కాలేదు.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటి?

దీనిని తెలుగులో వృత్తి చికిత్స అంటున్నారు. వృత్తి అనగానే ఉద్యోగమని, ఇది ఉద్యోగాలు నేర్పే శిక్షణ అని కొందరు పొరబడతారు. ఇక్కడ వృత్తి అంటే మనిషి ప్రొద్దున లేచింది మొదలు పడుకునేవరకు చేసుకొనే పనులన్నీ. పళ్ళు తోముకోవడం, బట్ట కట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, పూజ చేసుకోవడం, మనుమనికి కథ చెప్పడం, కూరగాయలు తరగడం, జీతం తెచ్చే పని, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. రోగం వలన తప్పిపోయిన పనిని తిరిగి చేయించడం, పాత పద్ధతిలో సాధ్యం కాకపోతే కొత్త పద్ధతి నేర్పడం, అదీ కాకపోతే పనిముట్టునో ఇంటినో మనిషికి అనుకూలంగా మార్చడం ఈ చికిత్స సారం. ఫిజియోథెరపీ కండరానికి బలాన్ని, కీలుకు కదలికను సమకూరుస్తుంది. ఆ బలాన్ని, ఆ కదలికను నిత్యజీవితంలోని పనిగా మలిచేది వృత్తి చికిత్స. రెండూ ఒకదానికొకటి తోడు.

ఈ శాస్త్రం ఒక వృత్తిగా రూపుదిద్దుకొన్నది అమెరికాలో. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊరిలో దీని తొలి సంఘం ఏర్పడింది. దానిని స్థాపించినవారిలో ఒకరైన జార్జ్ బార్టన్ స్వయంగా రోగపీడితుడు. ఎడమవైపు పక్షవాతానికి గురై, తోటపని, వడ్రంగం వంటి పనులు చేస్తూ కోలుకున్నవాడు. మన దేశంలో 1950లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి పాఠశాల నెలకొల్పినవారు శ్రీమతి కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశాన్నే తన దేశంగా చేసుకున్న మహిళ. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఈ వృత్తికి కూడా స్థానం లభించింది. పెద్ద ఆసుపత్రులలో, పునరావాస కేంద్రాలలో ఈ నిపుణులుంటారు. ఆసుపత్రినుంచి రోగిని ఇంటికి పంపేటప్పుడే “ఆక్యుపేషనల్ థెరపీ ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగి తెలుసుకోవడం మంచిది.

మర్యాద ఎలా ఉండాలి?

రోగి గదిలోకి వెళ్ళేముందు తలుపు తట్టి, పలకరించి వెళ్ళాలి. నిలబడి పైనుంచి మాట్లాడరాదు. కూర్చుని, ఎదురుగా, ముఖం కనబడేటట్లు మాట్లాడాలి. మాట పడిపోయినవారికి చెవి కూడా పడిపోయిందనుకుని అరవకూడదు. ఒక్కొక్క చిన్న ప్రశ్న అడిగి, జవాబు కోసం ఓపికగా ఆగాలి. వారి వాక్యాన్ని మనం పూర్తిచేయరాదు. అవును, కాదు అని తల ఊపి చెప్పగల ప్రశ్నలు వేయవచ్చు. పెద్దవారిని పసిపిల్లలవలె “బువ్వ తిందామా” అని పిలవడం ప్రేమగా కనిపించినా వారికది ములుకులా గుచ్చుకుంటుంది. నిన్నటివరకు “నాన్నగారూ” అన్నవారు నేడు కూడా “నాన్నగారూ” అనే పిలవాలి.

మలమూత్రాల విషయం వచ్చినవారందరి ముందూ చర్చించకూడదు. స్నానం చేయించేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు తలుపు వేసి, ఒక వస్త్రం కప్పి, “ఇప్పుడు చేయి ఎత్తుతున్నాను” అని చెప్పి మరీ ముట్టుకోవాలి. ఏ చీర, ఏ చొక్కా, ఏ కూర అన్నవి వారినే అడగాలి. ఇంటి వ్యవహారాలలో వారి సలహా తీసుకోవాలి.

కొందరు రోగులు కంచంలో ఒక పక్క ఉన్న అన్నమే తిని, రెండో పక్కను వదిలేస్తారు. కొందరు కారణం లేకుండా ఏడుస్తారు, నవ్వుతారు. అది మొండితనమూ కాదు, నటనా కాదు. మెదడుకు తగిలిన దెబ్బ వలన కలిగే లక్షణాలవి. విసుక్కోక, కంచాన్ని మెల్లగా ఇటు తిప్పితే చాలు. పక్షవాతం తరువాత మనోవ్యాకులత కలగడం సాధారణం. తిండి, మాట, నిద్ర తగ్గి, వారాల తరబడి దిగులుగా ఉంటే అది కూడా ఒక జబ్బేనని గ్రహించి వైద్యునికి చెప్పాలి.

మన ఇళ్ళలోనే ఉన్న పనులు

వృత్తి చికిత్సకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. నిపుణులు చూపిన తరువాత, ఇంటిలో ఈ కింది పనులను రోగి శక్తిని బట్టి చేయించవచ్చు.

వ్రేళ్ళకు: పళ్ళెంలో బియ్యం పోసి వ్రేలితో అక్షరాలు దిద్దడం, పప్పులో రాళ్ళు ఏరడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చింతపండు గింజలు తీయడం, ప్రత్తితో వత్తులు చేయడం, పూలు గుచ్చడం.

పిడికిలికి: చపాతీ పిండి కలపడం, తడిబట్ట పిండడం, చేతి రుమాళ్ళు మడత పెట్టడం.

రెండు చేతులకు: పని చేయగల చేతికి పడిపోయిన చేయి సాయంగా ఉండాలి. ఆ చేయి గిన్నెను కదలకుండా పట్టుకుంటే ఈ చేయి కలుపుతుంది. ఆ చేయి కాగితాన్ని అదిమిపెడితే ఈ చేయి వ్రాస్తుంది. పడిపోయిన చేతిని పూర్తిగా మరచిపోనివ్వరాదు.

భోజనానికి: అంచు ఎత్తుగా ఉన్న కంచం తీసుకుని, దాని కింద తడిగుడ్డ పరిస్తే జారదు. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు చిక్కుతుంది.

బట్టలకు: తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతికి. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ముందువైపు తెరుచుకునే చొక్కాలు, రవికలు సుకరం.

ఇంటికి: స్నానాలగదిలో గోడకు పట్టుకొనే కడ్డీ, కూర్చుని స్నానం చేయడానికి కదలని స్టూలు, కుర్చీవంటి మరుగుదొడ్డి, రాత్రి వెలిగే చిన్న దీపం ఉండాలి. నేల మీద జారే పట్టాలు, చాపలు తీసివేయాలి.

పనిని ఎన్నుకొనేటప్పుడు రోగికి ఏది ఇష్టమో అదే ముఖ్యం. జీవితమంతా పూజ చేసుకొన్న ఆవిడ వత్తులు చేయడంలో చూపే శ్రద్ధ, రబ్బరు బంతిని నొక్కడంలో చూపదు. వ్యాయామం అర్ధశక్తితో చేయాలని ఆయుర్వేదం చెబుతుంది. నుదుటిమీద చెమట పట్టి, నోరు ఎండుతున్నదంటే ఆపవలసిన సమయమైనదని గుర్తు. పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చేయడం, ఒకేసారి గంటసేపు చేయడం కంటే మేలు. ఆలస్యమైనా పనిని వారి చేతిలోనుంచి లాక్కోరాదు. గుండీ పెట్టుకోవడానికి పావుగంట పడితే, ఆ పావుగంటే చికిత్స.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

మూతి వంకర పోవడం, ఒక చేయి వాలిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. రక్తపు గడ్డ వలన వచ్చిన పక్షవాతమైతే దానిని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. ఆ సమయంలో నోటిలో నీళ్ళు, కషాయం, మాత్ర ఏదీ పోయరాదు. నాటు వైద్యమని, పావురం రక్తమని తిరుగుతూ కాలం పోగొట్టుకోరాదు. ఈ మాట ఆయుర్వేద వైద్యుడిగానే చెబుతున్నాను. మా తైలాలకు, కషాయాలకు స్థానం ఆ గండం గడిచిన తరువాతనే.

రోగిని లేవదీయడానికి పడిపోయిన చేయి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. నడుము, వీపు పట్టి లేవదీయాలి. స్పర్శ తెలియని చర్మం మీద వేడి కాపడం పెడితే కాలినా రోగికి తెలియదు. కాపడానికి ముందు మన మోచేతితో వేడి చూసుకోవాలి. నస్యం, విరేచనం వంటివి వైద్యుని సమక్షంలో తప్ప ఇంటిలో చేయరాదు. రక్తపోటుకు, మధుమేహానికి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులను తమంతట తాము మానరాదు. కషాయాలు వాడదలచినవారు ఆ సంగతి ఇద్దరు వైద్యులకూ చెప్పాలి.

అన్నం నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టాలి. తిన్న తరువాత అరగంట పడుకోనివ్వరాదు. నీళ్ళు తాగితే దగ్గు వస్తున్నా, గొంతులో గరగర వినిపిస్తున్నా మింగే శక్తిని పరీక్ష చేయించాలి. మంచం మీదే ఉండేవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి.

పరిచర్య చేసేవారికి ఒక మాట

మన ఇళ్ళలో పరిచర్య భారమంతా సాధారణంగా భార్య మీదనో కోడలి మీదనో పడుతుంది. మిగిలినవారు వచ్చి సలహాలిచ్చి పోతారు. అలసిన చేతిలో అనురాగం నిలవదు. కనుక ఇంటివారంతా వంతులు వేసుకోవాలి. వారానికి ఒక పూటైనా ఆమెకు పూర్తి విరామం దొరకాలి. రోగి తన పని తాను ఎంత చేసుకోగలిగితే ఆమె భారం అంత తగ్గుతుంది. మొదట్లో నేర్పడానికి పట్టే ఓపిక తరువాత వడ్డీతో తిరిగివస్తుంది.

ఇక మాస్టారి సంగతి. ఆ అమ్మాయి ఎడమ చేతికి గుడ్డ చుట్టిన లావు కలమిచ్చి, కుడి చేతిని కాగితం మీద బరువుగా పెట్టించింది. మొదటి నెల అంతా బియ్యంలో దిద్దడమే. ఎదురుగా కూర్చుని దిద్దించినది అయిదేళ్ళ మనుమరాలు. ఆమెకూ అప్పుడే అక్షరాభ్యాసమైంది. తాతగారు తప్పు రాస్తే ఆ పిల్ల దిద్దేది, ఆ పిల్ల ఒత్తు మరిస్తే తాతగారు ఆగి ఆగి చెప్పేవారు. ఇంటిలో మాట తిరిగి మొదలైంది. తిండి దానంతటదే పెరిగింది. నేను మార్చాలనుకున్న కషాయం మార్చనే లేదు.

ఉన్నమాట చెప్పాలి. ఆ కుడి చేయి మళ్ళీ కలం పట్టలేదు. కాని ఆరు నెలల తరువాత ఆయన బ్యాంకుకు వెళ్ళి, ఎడమ చేతితో కొత్త నమూనా సంతకం పెట్టి వచ్చారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా అవి ఆయనవే. ఆ తరువాత తొమ్మిదేళ్ళు జీవించారు. ప్రతి నెలా పింఛను కాగితం మీద తానే సంతకం చేశారు.

నాటినుంచి నేను ఏ రోగి వద్దకు వెళ్ళినా నాడి పట్టడానికి ముందు పీట లాక్కుని కూర్చుంటాను. “మీకు ఏ పని చేసుకోవాలని ఉంది?” అని అడుగుతాను. మీ ఇంటిలో మంచాన ఉన్న పెద్దవారు ఎవరైనా ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి, ఈ పూటే వారి ఎదుట కూర్చుని ఆ ప్రశ్న అడగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది. ఆగండి.